కోసా రంగు, ఏ-వన్ కళ్ళు

ముప్పై ఆరేళ్ళు రైలింజన్ నడిపాను. గూడ్సు, ప్యాసింజరు, మెయిలు, అన్నీ లాగాను. అయినా నా ఉద్యోగ జీవితంలో చెప్పుకోవాల్సిన పెద్ద పొరపాటు ఇంజన్లో జరగలేదు. రిటైరయ్యాక, మా ఇంట్లో సోఫా మీద కాళ్ళు చాపుకుని, చేతిలో ఫోను పట్టుకుని చేశాను. ఇంజన్లో చేసి ఉంటే ఎంక్వైరీ వేసేవాళ్ళు. సోఫా మీద చేశాను కాబట్టి నా మీద నేనే ఎంక్వైరీ వేసుకుని ఈ రిపోర్టు రాస్తున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి, ఇప్పుడిప్పుడే రన్నింగ్ డ్యూటీలో చేరుతున్న మన పిల్లల కోసం ఇది. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవటం కష్టమని నాకు తెలుసు. మీ అమ్మ చేత చదివించుకోండి. మధ్యలో ఆవిడ నవ్వితే నవ్వనివ్వండి, నేనేమీ అనుకోను.

మీకు తెలిసినవే అయినా రెండు సంగతులు ముందు చెప్పాలి. ఇంజన్లో ఇద్దరుంటారు, డ్రైవరు, అసిస్టెంటు. సిగ్నల్ కనపడగానే దాని రంగు ఇద్దరూ పైకి చెప్పాలి. ఒకరు ‘హరా’ అంటే, అంటే ఆకుపచ్చ, రెండోవాడు తన కళ్ళతో చూసి తానూ ‘హరా’ అనాలి. ‘పీలా’ అంటే పసుపు, వేగం తగ్గించమని. ఒకరికి హరా కనిపించి ఇంకొకరికి పీలా కనిపిస్తే వాదన లేదు. పీలా అన్నవాడి మాటే చెల్లుతుంది. సర్వీసు, జీతం, మీసం, ఏవీ లెక్కలోకి రావు.

రెండోది కళ్ళు. డ్రైవర్ల కళ్ళకి రైల్వేలో అన్నిటికన్నా పై తరగతి ఉండాలి, దాన్ని ఏ-వన్ అంటారు. కొన్నేళ్ళకోసారి రైల్వే ఆసుపత్రిలో రంగురంగుల చుక్కల పుస్తకం ముందు పెట్టి, ఆ చుక్కల్లో దాగిన అంకె చదవమంటారు. చదవలేనివాణ్ణి ఇంజన్ దింపి ఏ ఆఫీసులోనో కూర్చోబెడతారు. నాతో చేరినవాళ్ళలో అలా దిగిపోయినవాళ్ళు ఉన్నారు. నేను చివరి పరీక్ష దాకా ఏ-వన్. పెళ్ళిళ్ళకి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా మాటల్లో ఎక్కడో ఒకచోట ఆ ముక్క చెప్పకుండా వచ్చేవాణ్ణి కాదు.

నాతో ఎక్కువ కాలం పనిచేసిన అసిస్టెంటు ఒకతను. విజయనగరం వైపు కుటుంబమే, తాతల నాడు ఇక్కడికి వచ్చినవాళ్ళు. నన్ను ‘ఉస్తాద్’ అని పిలిచేవాడు, అసిస్టెంట్లు డ్రైవర్లని అలాగే పిలిచేవారు. మాట తక్కువ మనిషి. ఒక చలికాలం పొద్దున్న పెండ్రా కొండల వైపు నుంచి బొగ్గు బండి దింపుకొస్తున్నాం. మలుపు తిరగ్గానే ఎండ సూటిగా కళ్ళలో పడింది. సిగ్నల్ చూసి నేను ‘హరా’ అన్నాను. అతను ఒక్క క్షణం ఆగి, ‘పీలా, ఉస్తాద్’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏ-వన్ కళ్ళకే ఎదురు చెప్తాడా అనిపించింది. కానీ రూలు రూలే, బ్రేకు వేశాను. దగ్గరికి వెళ్ళాక చూస్తే పసుపే. దాని తర్వాతది ఎరుపు. అక్కడ బండి నిలబెట్టాక చూస్తే, ముందు లైనులో ఇంకో బండి తోక కనిపిస్తోంది.

నేను అతనితో ఒక్క మాట అనలేదు. నువ్వన్నదే కరెక్టు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నా నోట్లోంచి రాలేదు. ఫ్లాస్కులోంచి టీ పోసి, రోజూ నేను ముందు తాగేవాణ్ణి, ఆ రోజు ముందు అతనికిచ్చాను. అంతే.

తర్వాత అతనూ డ్రైవరయ్యాడు. రిటైరవడానికి చాలా ముందే జబ్బు చేసి పోయాడు. అతని భార్య క్వార్టరు ఖాళీ చేసి, నది అవతల సర్కండాలో చిన్న ఇల్లు చూసుకుంది. ఆవిడే ఈ రిపోర్టులో అసలు మనిషి.

ఆవిడ బొమ్మలు వేస్తుంది. కాగితం మీద కాదు, కోసా పట్టు మీద. చాంపా వైపు నేసే ఆ పట్టు అద్దకం వెయ్యకపోతే తేనె కలిపిన గోధుమపిండి రంగులో ఉంటుంది. ఆవిడ పద్ధతేమిటంటే, నేలకి రంగు వెయ్యదు. అర్పా నది ఇసుక, కోసిన వరిమడి, మట్టిగోడ, ఇవన్నీ గుడ్డకే వదిలేస్తుంది. చుట్టూ చెట్టు, మనిషి, ఆవు, మోదుగపూలు మాత్రం వేస్తుంది.

“నేల నేనేటి వేస్తాను అన్నయ్యా? గుడ్డే నేల” అనేది.

ఎగ్జిబిషన్లలో ఒకటీ అరా అమ్ముకునేది. నేను రిటైరయ్యాక ఒకరోజు మా దయాల్‌బంద్ ఇంటికి వచ్చి, “అందరూ ఆన్‌లైన్లో పెట్టమంటన్నారు. నాకా ఫోనులో అవన్నీ తెల్దు. మీకేటైనా తెలుస్తాదా?” అని అడిగింది. నాకేమీ తెలియదు. కానీ తెలియదని చెప్పే అలవాటు లేదు.

నేర్చుకున్నాను. ఇంజన్ మొరాయిస్తే ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చూడాలి అని వరసగా రాసి ఉండే పుస్తకం మాకు ఇచ్చేవారు. అదే పద్ధతిలో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. దుకాణం పేజీ తెరవటం, బొమ్మ కొలతలు రాయటం, అమ్ముడైనది వెంటనే పేజీలోంచి తీసేయటం, కొరియర్ లేబుల్ అచ్చు వేయటం, ఏ రోజు ఏ బొమ్మ కనిపించాలో ముందే టైము పెట్టి ఉంచటం, అన్నీ అందులో రాసుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి, షర్టు వేసుకుని సోఫా మీద డ్యూటీకి కూర్చునేవాణ్ణి.

మా ఆవిడ నవ్వేది. “ఇంజన్ దిగేరు గాని డ్యూటీ దిగలేదేటండీ మీరు” అనేది.

పని ఇలా నడిచేది. ఆవిడ పగటిపూట వరండాలో బొమ్మ వేలాడదీసి, తన ఫోనుతో ఫోటో తీసి నాకు పంపేది. నేను అంచులు కత్తిరించి, వెలుగు సరిచేసి, రంగు సరిచేసి పేజీలో పెట్టేవాణ్ణి. రంగు సరిచేసే యాప్‌లో ఒక గీత ఉంటుంది. దాని మీద చుక్కని ఇటు జరిపితే బొమ్మ పసుపుపచ్చగా మారుతుంది, అటు జరిపితే నీలంగా చల్లబడుతుంది. నాకు ఆ గీత అంటే మహా ఇష్టం. ఇంజన్లో హ్యాండిల్ పట్టుకున్నట్టే ఉండేది.

రెండేళ్ళు బాగా నడిచింది. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో కొన్నారు. ఆవిడ ముఖంలో, అతను పోయాక మొదటిసారి, కళ చూశాం.

ఆ తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకావిడ, ఫోటోలో తెల్లగా వెన్నెల్లా ఉంది, వచ్చిందేమో పచ్చగా ఉంది అని రాసింది. కొన్నావిడ ఫోనే బాగోలేదని తేల్చేశాను. ఇంకొకాయన బొమ్మ తిరిగి పంపించేశాడు. ఆయనకి కళాదృష్టి లేదన్నాను. మూడోది, నాలుగోది వచ్చాక నోటుబుక్కు తీసి వరసగా పరీక్ష మొదలుపెట్టాను. నా ఫోనులో కళ్ళకి సుఖంగా ఉండేందుకు తెరని పచ్చగా మార్చే బటన్ ఉంటుంది. అది ఆపి ఉందా? ఉంది. యాప్ మారిందా? లేదు. ఫోటో తీసే వేళ మారిందా? లేదు. మరి మిగిలిందేమిటి? గుడ్డ.

నిజంగానే, సర్కండా వెళ్ళినప్పుడు చూస్తే ఆవిడ దగ్గరున్న కొత్త కోసా నాకు మునుపటికన్నా ముదురుగా, టీ మరకలా కనిపించింది. దొరికింది దొంగ అనుకున్నాను.

“నీ గుడ్డ మారిందమ్మా. ఆ నేతగాడు నాసిరకం నూలు ఇస్తన్నాడు” అన్నాను.

ఆవిడ గుడ్డని ఎండలోకి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. “నాకెప్పట్లాగే కనపడతంది గదా అన్నయ్యా” అంది మెల్లగా.

“నీకు రోజూ చూసి చూసి అలవాటైపోయింది. నా కళ్ళు ఏ-వన్” అన్నాను.

ఆవిడ నా మాట నమ్మింది. ఇరవై ఏళ్ళుగా గుడ్డ తెచ్చుకుంటున్న నేతగాడి దగ్గరికి వెళ్ళి, నూలు మార్చావా అని నిలదీసింది. అతను నొచ్చుకున్నాడు. ఇంక వేరేచోట కొనుక్కోమ్మా అన్నాడు. అక్కడితో ఆగిందా? నా సలహా మీదే, గుడ్డ మీద పల్చగా తెల్లరంగు పూసి ఆ పైన బొమ్మ వెయ్యడం మొదలుపెట్టింది. గుడ్డే నేల అన్న మనిషి నేలకి సున్నం కొట్టుకుంది. ఆ బొమ్మలు ఆవిడకే నచ్చలేదు. రోజుకి నాలుగు గంటలు కూర్చునే మనిషి, గంటకే లేచిపోయేది. “చెయ్యి నడవట్లేదన్నయ్యా” అనేది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. ఇక్కడ ఆట నాది, తిట్లు మద్దెలకి, దెబ్బలు ఆవిడకి.

అప్పుడొచ్చింది మంగ్లా ఆర్డరు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, ఛత్తీస్‌గఢీ పిల్ల, ఫోను చేసింది. వాళ్ళ నాన్నకి మంగ్లాలో పొలం ఉండేదట. ఇప్పుడు మంగ్లా ఊరూ లేదు, పొలమూ లేదు, అంతా కాలనీలైపోయి సిటీలో కలిసిపోయింది. వరి కోసేశాక ఆ మడి ఎలా ఉండేదో అలాంటి బొమ్మ కావాలంది. నాన్న ఫోటో కన్నా ఆ నేలే గోడ మీద పెట్టుకోవాలని ఉందంది. మంగ్లా మడులు మా ఆర్టిస్టూ చిన్నప్పుడు చూసిందే. ఆ అమ్మాయి మాటలు ఆవిడకి చెప్పాను.

“ఈ ఒక్కటీ నా పద్ధతిలో వేస్తానన్నయ్యా. తెలుపు పుయ్యను” అంది.

నెలన్నర వేసింది. పాత నేతగాడి గుడ్డ పెట్లో దాచుకున్నది ఒకటుంటే దాని మీదే వేసింది. మడి మధ్యలో దుబ్బులు, గట్టు మీద ఒక తుమ్మచెట్టు, దూరంగా సైకిలు తోసుకుంటూ ఒక మనిషి. మిగతాదంతా ఒట్టి గుడ్డ. ఫోటో పంపింది. నేను యథాప్రకారం సోఫా మీద కూర్చుని, మరీ పచ్చగా ఉందని గీత అటు జరిపి, నా మనసుకి నచ్చేదాకా చల్లబరిచి ఆ అమ్మాయికి పంపాను.

పది నిమిషాల్లో ఫోను వచ్చింది.

“అంకల్, హమారీ మిట్టీ ఐసీ నహీఁ హై” అంది. మా మట్టి ఇలా ఉండదు అని. ఇది బూడిదలా ఉందంది. మా మట్టి నాకు తెలియదా అని నేను వాదించాను. ఎంత సిగ్గుమాలిన మాటో చూడండి, ఆ పిల్ల నాన్న పొలం గురించి ఆ పిల్లకే పాఠం చెప్పాను. ఆ అమ్మాయి ఏడవలేదు, కోప్పడలేదు. వద్దులెండి అంకల్ అని పెట్టేసింది.

ఈ సంగతి చెబితే మా ఆర్టిస్టు, “నా పద్ధతీ పనికిరాదని తేలిపోయింది. రేపొచ్చి ఆ దుకాణం మూసేయండన్నయ్యా. ఇంక వెయ్యను” అంది. రంగులు వీధి చివర స్కూలు పిల్లలకి ఇచ్చేస్తానంది.

మర్నాడు పొద్దున్న ఆటో ఎక్కి నది దాటాను. దుకాణం పేజీ మూయాలంటే ఆవిడ నంబరుకి వచ్చే కోడ్ కావాలి, అందుకని స్వయంగా వెళ్ళాల్సి వచ్చింది. ఆ కోడే లేకపోతే ఇంట్లో కూర్చునే మూసేసేవాణ్ణి. ఈ రిపోర్టూ ఉండేది కాదు, ఆవిడ బొమ్మలూ ఉండేవి కావు.

వరండాలో తాడు మీద మంగ్లా బొమ్మ ఇంకా వేలాడుతోంది. నేను కుర్చీలో కూర్చుని పేజీలోంచి ఒక్కొక్క బొమ్మా తీసేస్తున్నాను. ఆ అమ్మాయికి పంపిన మంగ్లా ఫోటో తెరిచేసరికి ఆవిడ, “ఓపాలి ఆగండి. ఆ పిల్లకి ఏటి కనపడిందో నన్నూ చూడనియ్యండి” అని నా ఫోను తీసుకుని, లేచి బొమ్మ పక్కన పెట్టి పట్టుకుంది.

నేను కూర్చున్న చోటినుంచే చూశాను.

గుడ్డ ఒక రంగు, ఫోను ఒక రంగు. గుడ్డ మడిలా ఉంది. ఫోనులోది, దాని పక్కన పెట్టేసరికి, నిజంగానే బూడిదలా ఉంది. నాకే, ఈ కళ్ళకే, స్పష్టంగా కనిపించింది.

“నువ్వు తీసిన అసలు ఫోటో నీ ఫోనులో ఉందా?” అన్నాను. ఉంది. దాన్నీ పక్కన పెట్టమన్నాను. గుడ్డకీ ఆవిడ ఫోనుకీ తేడా లేదు. ఆవిడ ఫోనుకీ నా ఫోనుకీ మధ్య ఉన్నది ఎవరు? యాప్ తనంతట తాను గీత జరపదు. నా నోటుబుక్కులో ఫోను ఉంది, యాప్ ఉంది, ఎండ ఉంది, గుడ్డ ఉంది, కొన్నవాళ్ళ బుద్ధి కూడా ఉంది. నా కన్ను మాత్రం లేదు.

ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదంటారా? గుడ్డ నది అవతల, ఫోను నది ఇవతల. రెండూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నాకు అన్నీ పచ్చగా కనిపిస్తుంటే, నేనెరిగిన పాత కోసా రంగుని బుర్రలోంచి తీసి, అది వచ్చేదాకా గీత జరిపాను. పక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఏ-వన్ మనిషికి ఏముంటుంది?

“మరి నువ్వెప్పుడూ అనలేదేటమ్మా, ఫోటో రంగు తేడాగుందని?” అన్నాను.

“ఒకట్రెండుసార్లు అనిపించింది. ఆన్‌లైన్లో అలగే పెడతారేమో అనుకున్నాను. మీ కళ్ళకి నేనేటి వంక పెడతాను?” అని, నా ఫోను నా చేతిలో పెడుతూ అంది. “మా ఆయన కూడా మీ చూపు గురించే చెప్పేవోరు. ఓపాలి మీరు హరా అంటే ఆయన పీలా అన్నారంట గదా. మీరు మారు మాటాడకండా బ్రేకేసేరంట. ఆరోజు ఇంటికొచ్చి ఎంత సంబరపడ్డారో. ఉస్తాద్ నా మాట విన్నాడు, ముందు నాకే టీ ఇచ్చాడు అని, అన్నం తింటూ రెండుసార్లు చెప్పేరు.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ టీ సంగతి అతను గమనించలేదనుకున్నాను ఇన్నాళ్ళూ. మొగుడు పీలా అంటే రూలు ఉంది కాబట్టి విన్నాను. పెళ్ళాం ‘నాకెప్పట్లాగే కనపడతంది గదా’ అంటే, అదీ పీలాయే కదా, రూలు లేదు కాబట్టి వినలేదు. ఏడుపు వచ్చింది. రిపోర్టులో రాయకూడదు గానీ వచ్చింది.

“గుడ్డది కాదమ్మా, నీ చేతిది కాదు. తప్పు నాది” అన్నాను. ఆవిడ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. రంగులు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి, అక్కణ్ణుంచే ఆవిడ తీసిన ఫోటో, ఏ గీతా జరపకుండా, బెంగళూరు అమ్మాయికి పంపించాను. కింద, పాత ఫోటోలో తప్పు నా కళ్ళది, బొమ్మది కాదు అని రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఇదే మా మడి, పంపించేయండి అని. ఆ సైకిలు మనిషి మా నాన్నలాగే ఉన్నాడు, మీకెలా తెలుసు అని కూడా అడిగింది.

కళ్ళాసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, రెండు కళ్ళకీ మోతియాబింద్ అంకల్ అంది, మనం శుక్లాలంటాం. చాలా ముదిరాయట, అవి పచ్చటి అద్దంలా అడ్డుపడి లోకమంతా పచ్చగా చూపిస్తాయట. నా కళ్ళు ఏ-వన్ అండీ అన్నాను, అలవాటు చొప్పున. ఆ సర్టిఫికెట్ ఏ నాటిది అంకల్ అంది నవ్వకుండా. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పిలిచి మరీ పరీక్ష చేస్తారు పిల్లలూ. దిగిపోయాక ఎవరూ పిలవరు. మనమే వెళ్ళాలి.

మొదటి కన్ను ఆపరేషన్ అయ్యాక మూడోరోజు మంచం మీద కూర్చుని ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను మూసి చూసుకున్నాను. కొత్త కంటికి దుప్పటి తెల్లగా ఉంది, పాత కంటికి అదే దుప్పటి టీలో ముంచినట్టుంది. ఆ కొత్త కన్నుతో నేను పెట్టిన పాత ఫోటోలన్నీ చూశాను. ఏడాది పొడుగునా ఆవిడ ఎండల్ని నేను మంచులో ముంచి అమ్మాను. ఇలాంటి ఫోటోలు చూసి కూడా కొన్నవాళ్ళున్నారంటే అది ఆవిడ చేతి గొప్ప.

రెండో కన్నూ అయ్యాక, ఆర్టిస్టూ నేనూ కలిసి నేతగాడి దగ్గరికి వెళ్ళాం. ఆయన ముందు ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్ల కళ్ళజోడు తీసి, తప్పు వీటిది అని నా కళ్ళు చూపించాను. నవ్వాడు, గుడ్డ ఇచ్చాడు.

ఇప్పుడు మీ కళ్ళు బాగైపోయాయి కదా, పాతలాగే ఇంట్లో కూర్చుని చేసుకోండి, ఆటో ఖర్చు ఎందుకు అందావిడ. కుదరదన్నాను. ఇప్పుడు ప్రతి బొమ్మకీ నది దాటి వెళ్తాను. గుడ్డ తాడు మీద, ఫోను పక్కన. ఇద్దరం నిలబడి చూసి, రంగు పైకి చెబుతాం. తేడా వస్తే ఆవిడ మాటే చెల్లుతుంది. నోటుబుక్కులో మొదటి పేజీలోనే రాసుకున్నాను.

మొన్న ఒక బొమ్మ పెట్టబోతున్నాం. అర్పా ఇసుకలో పుచ్చకాయల పాదులు. నేను ఫోను పక్కన పట్టుకుని, కొత్త కళ్ళ ధీమాతో, “సరిగ్గుంది” అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. వాళ్ళాయన ఆగినట్టే. “ఇంకొంచెం పీలా, అన్నయ్యా” అంది.

మళ్ళీ చూశాను. నిజమే, ఇసుక మీద ఆ కాస్త ఎండ ఫోటోలో లేదు. ఆ ఫోటో చెరిపేసి మళ్ళీ తీశాం. ఈసారి మాత్రం టీ పోసి సరిపెట్టుకోలేదు. నోరు తెరిచి, పక్కింటివాళ్ళకి వినపడేలా చెప్పాను.

“నువ్వన్నదే కరెక్టమ్మా. ఆరోజు అతనన్నదీ కరెక్టే.”